జాలు పొలానికి చేసిన చైన్లు

మా ఆయన మంచం కింద ఒక రేకు డబ్బా ఉండేది. ఒకప్పుడు వెల్డింగ్ కడ్డీలు అందులో పెట్టుకునేవాడు. మంచాన పడ్డాక బీడీలు, అగ్గిపెట్టె, ఇనుము మీద గీతలు గీసే తెల్లరాయి ముక్కలు, దవాఖాన చీటీలు దాచుకున్నాడు. ఏడేండ్లు ఆ మంచం కింద ఊడ్చాను, తుడిచాను, డబ్బాను ఎత్తి పక్కన పెట్టి మళ్ళీ అదే జాగాలో పెట్టాను. మూత మాత్రం ఎప్పుడూ తీయలేదు. ఒంటి మీది బట్ట కూడా తనంతట తాను మార్చుకోలేని మనిషికి తనదంటూ మిగిలింది ఆ డబ్బా ఒక్కటే. దాన్ని కూడా నేనే తెరిస్తే ఇక ఆయనకంటూ ఏముంటుందని ఊరుకున్నాను.

ఆయన పోయి దినాలు అయిపోయాక మా మరిది లింగస్వామి మంచాన్ని ఎండలో వేశాడు. డబ్బా అరుగు మీద మిగిలింది. నేనే మూత తీశాను. చీటీల కింద, అడుగున, నూనెగుడ్డలో చుట్టిన మూట ఒకటి తగిలింది. విప్పితే ఇనుప పిన్ను. బొటనవేలంత లావు, జానెడు పొడవు ఉండాల్సింది రెండు ముక్కలై ఉంది. విరిగిన చోట చక్కెర గడ్డను పగలగొట్టినట్టు సన్నని గింజలు తళతళా మెరుస్తున్నాయి. నూనెగుడ్డలో ఉన్నందున తుప్పు అంటలేదు. నిన్న విరిగినట్టే ఉంది.

నేను కమ్మరి ఇంట పుట్టినదాన్ని. మెత్తని ఇనుము వంగి, సాగి, నార తేలి తెగుతుంది. ఇట్లా గింజగింజగా పగిలిందంటే దాన్ని ఎవరో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచారని అర్థం. ముంచింది నేను. మా ఆయన నడుము కింద చచ్చుబడింది నా చేతి వల్ల. ఆ సంగతి ఆయనకు తెలియదనుకుని ఆ ఏడేండ్లూ బతికాను. ఆయన కూడా కమ్మరే. ఆ ముక్కలు ఆయన డబ్బాలో ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో, ఎవరు తెచ్చిచ్చారో అని ఆలోచిస్తూ చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను.

మా బాపు కొలిమి ఇంటి ముందరి పందిరి కింద ఉండేది. పొద్దున లేవగానే ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద నీళ్ళు చల్లి, తుడిచి, పసుపు బొట్టు పెట్టేవాడు. అది అయ్యేదాకా గుక్కెడు సల్ల కూడా తాగేవాడు కాదు. అమావాస్య నాడు కొలిమి ముట్టించేది లేదు. ఆ రోజంతా ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ అమ్మను విసిగించేవాడు. రాక్షసి బొగ్గు పొగ, ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టేటప్పుడు కొమ్ము కాలిన వాసన, రాతి తొట్టిలోంచి భగ్గున లేచే ఉడుకు ఆవిరి, ఇవన్నీ నా బట్టల్లో, జడలో, తినే జొన్నరొట్టెలో కూడా ఉండేవి. బయటి ఊరికి పోతే ఆ వాసన లేక నాకు తోచేది కాదు. అమ్మ సమ్మెట వేసేది. నేను తిత్తి ఊదేదాన్ని. కాలు అందిన నాటి నుంచి పెళ్ళయ్యేదాకా అదే నా బడి.

బాపుకు పని దగ్గర మాట ఉండదు. తమ్ముడు బడి నుంచి వచ్చి కూర్చుంటే మాత్రం వాడికి చెప్పేవాడు, ఇది ఎందుకు, అది ఎందుకు అని. నాకు పని చెప్పేవాడు, పనిలోని సంగతి చెప్పేవాడు కాదు. నేను కూడా అడగలేదు. కళ్ళతో చూసి నేర్చుకున్నదే నాది. కొడవలిని మోదుగుపువ్వు రంగు వచ్చేదాకా కాల్చడం చూశాను. పట్టుకారుతో తీసి తొట్టిలో ముంచడం చూశాను. ముంచాక గట్టిపడిందా లేదా అని ఆకురాయి పెట్టి గీసేవాడు. ఆకురాయి పట్టకుండా అద్దం మీద జారినట్టు జారితే తల ఊపేవాడు. ఆ తర్వాత కొడవలిని మళ్ళీ నిప్పుల దగ్గరికి తీసుకుపోయి, మా వైపు వీపు పెట్టి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ దాన్నే చూస్తూ నిలబడేవాడు. నీళ్ళు ఆరబెడుతున్నాడు అనుకునేదాన్ని. తుప్పు పట్టకుండా తడి పోగొడుతున్నాడని ఆ వయసులోనే నాకు నేను చెప్పుకున్నాను. పెరిగి పెద్దయి, నలుగురిలో కమ్మరి బిడ్డనని గర్వపడేనాటికి కూడా ఆ మాటనే నమ్ముకుని ఉన్నాను.

నన్ను చేసుకున్నాయన, వాళ్ళ నాయిన కొలిమిని మూసేసి, జడ్చర్ల పోయాడు. నాగళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, కమ్మరికి పని లేదు. జడ్చర్లలో ఫ్యాక్టరీలకు రేకుల షెడ్లు కట్టే చోట వెల్డర్‌గా ఉన్నాడు. మేము ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్ళం. తెలంగాణ వచ్చిన తొలి ఏండ్లలో అక్కడ ఆయనకు పని తగ్గింది. అప్పటికే కండ్లు కూడా మంట మంటగా ఉండేవి. నకిరేకల్ అవతలి మా అత్తగారి ఊరికే తిరిగొచ్చాం. అప్పుడే మా ఊరి చెరువు పూడిక తీశారు. కాలువ నీళ్ళు వచ్చి నిండింది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ చెరువు నిండగా చూడలేదు, ఊరంతా పోయి కట్ట మీద నిలబడి చూశాం. ఊరందరి పొలాలకు మంచే జరిగింది. మా ఎకరన్నర మాత్రం చెరువు కట్టకు ఆనుకుని ఉంది. కట్ట కింద నుంచి ఊట దిగి దిగి ఏడాదంతా జాలు పట్టింది. మనిషి దిగితే పిక్కల దాకా పోతుంది. ఎడ్లు ఎవరి దగ్గరా లేవు. కిరాయి ట్రాక్టరు ఒకసారి దిగి ఇరుసు దాకా కూరుకుపోతే ఇంకో రెండు ట్రాక్టర్లు పెట్టి లాగాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏ డ్రైవరూ రానన్నాడు. మూడేండ్లు పంట లేక బీడుపడి తుంగ మొలిచింది. ఊరంతా వడ్లు ఆరబోసుకునే రోజుల్లో మేము దుకాణంలో బియ్యం కొనుక్కుని తిన్నాం. పక్క పొలం మల్లయ్య మా ఆయనను ఎక్కడ చూసినా, "ఏం సైదులూ, గా పొలంల చాపలన్న పెంచరాదు," అనేవాడు. మల్లయ్య చెడ్డవాడేం కాదు. ఆయన నోరు అంత.

కోతల సమయంలో చైన్ల మీద నడిచే వరికోత మిషన్ మా ఊరికి వచ్చింది. అది బురదలో కూడా దిగబడకుండా పోతుంటే మా ఆయన ఒడ్డు మీద గొంతుకూర్చుని పొద్దంతా చూశాడు. డ్రైవరు అన్నానికి దిగినప్పుడు దగ్గరికి పోయి, మోకు ముక్కతో చైను పట్టీల పొడవు కొలుచుకొచ్చాడు. ఇంటికొచ్చి ఆ మోకును గోడకు వేలాడదీశాడు. ఆ వారమంతా అన్నం తింటూ దాన్నే చూసేవాడు. ఒకనాడు ఊరు బయట ద్రాక్షతోటల్లో దున్నిన పాత చిన్న ట్రాక్టరు ఒకటి తుక్కుకు అమ్ముతున్నారని తెలిసి తెచ్చాడు. చెట్ల వరసల మధ్య దూరేంత చిన్నది, మనిషి నడుము ఎత్తే ఉండేది. దానికి రబ్బరు టైర్లు తీసేసి ఇనుప చైన్లు తొడుగుతానన్నాడు. చేసిపెట్టే వాళ్ళెవరని అడిగాను. "చేసుడే మన కులవృత్తి. ఇంకెవలు చేస్తరే?" అన్నాడు. చాలా నాళ్ళకు ఆయన నవ్వడం చూశాను.

ఆ పని మొదలైన నాటి నుంచి మా వాకిలి మా బాపు వాకిలిలాగే అయింది. ఒక్కో వైపుకు నలభై పైచిలుకు పట్టీలు కావాలి. మందపాటి ఇనుప పట్టీలు కోసి, మట్టిని పట్టుకునేందుకు ఒక్కోదాని మీద ఒక అంచు నిలబెట్టి అతికించి, రెండు కొనలకు చెవులు పెట్టి, వాటికి బెజ్జాలు వేసేవాడు. ఒక పట్టీ చెవుల మధ్య ఇంకో పట్టీ చెవి దూరాలి, ఆ బెజ్జాల్లోంచి పిన్ను పోవాలి. ఇట్లా ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే చైను అవుతుంది. బెజ్జాలు చేత్తో వేసినవి కాబట్టి వెంట్రుకవాసి తేడాలు వచ్చేవి. నేను పట్టుకునేదాన్ని, అతుకు మీది పెచ్చు సుత్తితో రాల్చేదాన్ని, తైలం రాసేదాన్ని. కరెంటు ఉన్నంతసేపూ పని. అది పోతే నులక మంచం వాల్చి దాని మీదే వెల్లకిలా పడుకునేవాడు. వెల్డింగ్ వెలుగుకు మా ఇద్దరి కండ్లలో ఇసుక పోసినట్టు ఉండేది, ఆలుగడ్డ ముక్కలు కోసి రెప్పల మీద పెట్టుకునేవాళ్ళం. పట్టీల వరుస తప్పకుండా ఆయన తెల్లరాయితో అంకెలు వేసేవాడు. నాకు అంకెలు రావు. అందుకని నేను గొర్లకు గుర్తుగా ఎర్రని జాజు పూసినట్టు ప్రతి పట్టీ చెవికీ చుక్కలు పెట్టుకున్నాను. ఆయన అంకెలు చూసుకునేవాడు, నేను చుక్కలు చూసుకునేదాన్ని. ఇద్దరి వరుసా ఎప్పుడూ తప్పలేదు.

పిన్నుల కోసమే ఎక్కువ తిరిగాడు. ఇండ్ల స్లాబులకు వేసే కడ్డీతో చేస్తే మెత్తగా ఉందన్నాడు. మేళ్లచెరువు వైపు సున్నపురాయి క్వారీల్లో రాయికి బెజ్జాలు కొట్టే పాత రాడ్లు తుక్కులో దొరికాయి. అది మంచి ఉక్కు. దాన్ని ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి మెల్లగా చల్లారబెట్టించాడు. మెత్తబడ్డాక నకిరేకల్ లేతు మిషన్ మీద గుండ్రంగా తిప్పించి ముక్కలు కోయించాడు. బూడిదలో పూడ్చే పని నేనే చేశాను. మా బాపు పోయాక తమ్ముడు వద్దనుకున్న తిత్తి, దాగలి నా వంతుకు వచ్చి వాకిలి మూల ఉండేవి. వాటికి మళ్ళీ పని దొరికిందని నాకు లోపల సంబరం.

మొదటిసారి పొలం దగ్గరికి తీసుకుపోయిన నాడు ఊళ్ళో సగం మంది వెనక వచ్చారు. ఆ చప్పుడు అట్లాంటిది. మల్లయ్య, "ఏందిరో, లడాయికి పోతున్నవా?" అన్నాడు. అందరూ నవ్వారు, మా ఆయనా నవ్వాడు. ఒడ్డు దిగి పది బారలు పోయిందో లేదో కుడివైపు చైను పక్కకు జరిగి ఇనుప చక్రాల మీద నుంచి ఊడిపోయింది. చూస్తే తొమ్మిది పిన్నులు విల్లు వంగినట్టు వంగాయి. బురదలో పరుచుకుని పడి ఉన్న చైను వైపు చూసి మల్లయ్య, "గిదేంది సైదులూ, నీ బండి గాజులు ఇడిసె," అన్నాడు.

గాజులు ఇడిసిందంటే మొగుడు పోయినట్టు. మల్లయ్య ఊరికే నవ్వులాటకే అన్నాడు. కానీ నేను అక్కడే, నలుగురు ఆడవాళ్ళ మధ్య, తైలం చేతులతో నిలబడి ఉన్నాను. నా గాజుల వైపు ఎవరో చూశారు. మా ఆయన మాత్రం వంగిన పిన్ను ఒకటి చేతిలోకి తీసుకుని, నాకే చెప్పాడో తనకు తాను చెప్పుకున్నాడో, "వంగింది మంచిదే. వంగినదాన్ని సాపు చేసుకుంటం. ఇరిగితే ఏం జేస్తం?" అన్నాడు. ఆ మాట విన్నాను. అర్థం చేసుకోలేదు. ఓడినవాడు చెప్పుకునే మాట అనుకున్నాను.

తెల్లారి ఆ తొమ్మిదింటినీ దాగలి మీద సాపు చేసి, వీటికి తైలం రాసిపెట్టమని చెప్పి, బేరింగు కోసం నకిరేకల్ బస్సెక్కాడు. ఆయన పోయాక వాకిట్లో ఆ పిన్నుల వైపు చూస్తే నాకు మల్లయ్య మాటే వినపడింది. పిన్నులు మెత్తగా ఉన్నాయి కాబట్టి వంగాయి. మెత్తనిదాన్ని గట్టి చేయడం నాకు రాదా? ఊరి కొడవళ్ళన్నీ గట్టిపడిన కొలిమికి తిత్తి ఊదింది నేను కాదా? కొలిమి ముట్టించాను. ఒక్కొక్కటీ మోదుగుపువ్వు రంగుకు తెచ్చాను. నీళ్ళ కాగులో ముంచాను. ఆ చప్పుడు, ఆ ఆవిరి వాసన. నా చిన్నతనమంతా ముక్కుకు తగిలింది. ఆకురాయి పెట్టి గీశాను. జారింది. తొమ్మిదింటి మీదా జారింది. మా బాపు తల ఊపినట్టే నేను కూడా తల ఊపాను. పంటల్లేని ఆ మూడేండ్లలో నేను అంత సంతోషపడ్డ రోజు అదే, దాన్ని దాచి ఏం లాభం. మళ్ళీ నిప్పుల మీద తిప్పలేదు. ఎండ బాగా కాస్తోంది, నీళ్ళు వాటికవే ఆరాయి.

సాయంత్రం ఆయన వచ్చి పిన్నులు తీసుకుంటూ, "తైలం రాసినవా?" అని అడిగాడు.

"రాసిన," అన్నాను.

చెప్పాల్సింది అప్పుడు. చెప్పలేదు. పొలం దున్ని ఒడ్డెక్కి వచ్చాక, వంగని పిన్నులు చూసి ఇదేందని ఆయనే అడిగితే, అప్పుడు చెబుదామనుకున్నాను. మెచ్చుకుంటాడని. నేను కాల్చిన మసి మీద నేనే తైలం దట్టంగా పట్టించాను, రంగు తేడా ఆయనకు కనపడలేదు.

రెండోసారి బండి దిగబడలేదు. తుంగను తొక్కుతూ, బురదను రెండు వైపులా పాయలుగా చీలుస్తూ మెల్లగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయింది. మళ్ళీ వచ్చింది. నవ్వడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మాటలు ఆపేశారు. మూడేండ్లుగా కనపడని నల్లమట్టి పైకి లేచి వాసన వచ్చింది. మల్లయ్య తలరుమాలు తీసి భుజాన వేసుకుని, "పోతాందిరా," అన్నాడు, ఎవరితోనూ కాదు. పొలమంతా రెండు చాళ్ళు తిరిగింది. మధ్యాహ్నం అన్నానికని బండిని ఒడ్డు మీదికి ఎక్కించాడు. ఆ ఒడ్డు అవతల పంటకాలువ. ఎక్కుతూ మలుపు తిప్పాల్సిన జాగాలో, బరువంతా కుడి చైను మీద పడ్డప్పుడు, సీసా పగిలినట్టు ఒక చప్పుడు అయింది. వంగే ఇనుము అయితే కిర్రుమంటుంది, సాగుతుంది, మనిషికి దిగేంత సేపు ఇస్తుంది. ఇది ఇవ్వలేదు. కుడి చైను విడిపోయి చాపలా పరుచుకుంది. ఎడమ చైను తిరుగుతూనే ఉంది. బండి గిరుక్కున తిరిగి, కాలువలోకి, ఆయన మీదికి ఒరిగిపోయింది.

కాలువలోకి మొదట దూకింది మల్లయ్య. మా ఆయన తల నీళ్ళ పైన పట్టుకుని నిలబడ్డది కూడా మల్లయ్యే. నేను ఒడ్డు మీద ఆ పరుచుకున్న చైను పక్కన కూర్చుండిపోయాను. నా జాజు చుక్కలు బురదలో కనపడుతున్నాయి.

నల్లగొండ దవాఖానలో పెట్టుకోలేదు, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. నడుము కింద ఎముక నుజ్జయిందని, కాళ్ళలోకి మళ్ళీ పానం రాదని చెప్పారు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఆయన ఒకటే మాట చెప్పాడు. "క్వారీ రాడ్డు గదా, ఇనుము దగా చేసింది." తొలిసారి ఆ మాట విన్నప్పుడు నాకు ఊపిరి తిరిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఊపిరి తిరిగింది. అప్పటికి నేను చేసిన పనే దీనికి కారణమని నాకు పూర్తిగా తెలియదు. కానీ లోపల ఎక్కడో ఆ సీసా చప్పుడు గుచ్చుకుంటూనే ఉంది. ఇనుముదే తప్పు అని ఆయనే అంటున్నాడు కదా, ఇంకెందుకని ఆ మాట చాటున నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక మంచం పందిరి కింద వేశాం. మంచానికి ఎదురుగా కొలిమి. పొద్దున ఒళ్ళు తుడవడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, జొన్న గటక కలిపి పెట్టడం, మళ్ళీ తిప్పడం. ఇవే మా పొద్దులు. ఊళ్ళో కొడవళ్ళు, గొడ్డళ్ళు పదును పెట్టించుకునేవాళ్ళు కొందరు మిగిలి ఉన్నారు. ఆ పని నేను పెట్టుకున్నాను. మా ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. పడుకుని పడుకుని విసుగు పుట్టి, ఒకనాడు మిగిలిపోయిన పట్టీ ఒకటి తెమ్మని, దాని మీద తెల్లరాయితో అక్షరం రాసి నన్ను దిద్దమన్నాడు. నాకు అప్పటికే తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. వద్దన్నాను. "నేను సూడకుంటనే పట్టీల వరుస తప్పకుండ పెట్టినవ్. గీ యాభై ఆరు రావా నీకు?" అన్నాడు. నా పలక ఆ ఇనుప పట్టీయే. తెల్లరాయి ఇనుము మీద కిచకిచమని అరుస్తుంది, తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఏడాదిన్నర పట్టింది. నోటితో ఎన్నడూ పలకని ఆయన పేరును చేత్తో రాసింది ఆ పట్టీ మీదే.

అక్షరాలు కూడబలుక్కునే రోజుల్లోనే ఒక కొడవలి సంగతి జరిగింది. మల్లయ్య పెండ్లాం ఇచ్చిన కొత్త కొడవలిని కాల్చి, ముంచి, ఆకురాయి జారిందని చూసి, సానరాయి మీద పెట్టాను. అంచు పెంకులా ఎగిరింది. నాకు వచ్చినవి ఎప్పుడూ పాతవే, ఊరికే సాగగొట్టి ఇచ్చేవి. ముంచాల్సినది రావడం అదే మొదలు. మంచం మీద నుంచి ఆయన చూస్తున్నాడు. ఇటు తెమ్మని చెయ్యి చాపాడు. విరిగిన అంచును వేలితో తడిమి, నా వైపు చూడకుండా, "మీ బాపు ముంచినంక మల్ల నిప్పుల మీద తిప్పుతుండె గదా. ఎందుకు తిప్పుతుండెనే?" అన్నాడు.

"నీళ్లు ఆరనీకి," అన్నాను.

కొడవలిని పట్టుకుని అట్లాగే ఉన్నాడు. కొలిమిలో బొగ్గులు చిటపటమని ఆరిపోతున్నాయి. చాలాసేపటికి, "నీళ్లు ఆరనీకి గాదు," అన్నాడు. "ముంచినంక ఉక్కు మస్తు గట్టిగైతది, కాని పెంకు లెక్క పలుగుతది. మల్ల సెగ తగులుతె గా బిర్రు దిగుతది. ఎండుగడ్డి రంగు రావాలె. అప్పుడు తియ్యాలె." విరిగినదాన్ని పక్కన పెట్టి, "ఇంకోటి పెట్టు, నేను సూస్తుంట," అన్నాడు.

ఇంకో కొడవలి పెట్టాను. ముంచాను. మళ్ళీ సెగకు పట్టాను. తెల్లని ఉక్కు మీద ముందు ఏమీ లేదు, తర్వాత లేత పసుపు ఒకటి పాకుతూ వచ్చింది. మా బాపు నాకు వీపు పెట్టి చూసిన రంగు అదే. చిన్నప్పుడు ఆ వీపు పక్కకు రెండు అడుగులు వేసి చూసి ఉంటే ఆ రంగు నాకు కనపడేది. "సాలు, తియ్యి," అన్నాడు. తీశాను. పట్టుకారు జారి కొడవలి బూడిదలో పడింది. కొడవలి బరువుకని ఆయన అనుకున్నాడని నేను అనుకున్నాను.

ఆ పొద్దు నుంచి నాకు తెలుసు. ఆయనకు చెప్పాలి. ఒళ్ళు తుడుస్తూ చెబుదామనుకున్నాను, చచ్చిపోయిన ఆ కాళ్ళను చేత్తో పట్టుకుని ఆ మాట ఎట్లా అనేది? నోటితో కానిది రాసి చూపిద్దామనుకున్నాను. ఇంక అక్షరాలు ఆ ఒక్క మాట కోసమే నేర్చుకున్నాను, ఊళ్ళోవాళ్ళు నన్ను మెచ్చుకుంటుంటే ఆ సంగతే గుర్తొచ్చేది. ఆయన నిద్రపోయేటప్పుడు పట్టీ మీద రాశాను, ఆ పిన్నులు నీళ్ళల్ల ముంచింది నేనే అని. ఆయన దగ్గాడు. తుడిచాను. అట్లా ఎన్నిసార్లు రాశానో, ఎన్నిసార్లు తుడిచానో. పోయిన చలికాలం పుండ్లు లోపలికి పోయి జ్వరం ఎక్కింది, తగ్గలేదు.

ఇప్పుడు కోతలకు మా ఊరికి నాలుగైదు చైన్ల మిషన్లు వస్తాయి. వాటికి రబ్బరు చైన్లు, చప్పుడు కూడా పెద్దగా ఉండదు. కౌలుకిచ్చిన మా జాలు పొలంలోకి దిగి గంటలో కోసి ఎక్కిపోతాయి. ఒడ్డు మీద నిలబడి చూసేవాళ్ళు లేరు, డ్రైవరు ఫోన్లో పాటలు పెట్టుకుని తన పాటికి తాను తిప్పుతుంటాడు. మేము కోసి, అతికి, బెజ్జాలు వేసి, కండ్లు మండించుకుని చేసింది రెండు చాళ్ళు నడిచింది. మా పట్టీలు ఇప్పుడు కోళ్ళగూటి తలుపుకు అడ్డంగా, రేకుల మీద గాలికి బరువుగా, నీళ్ళ గాబు కింద ఎత్తుగా ఉన్నాయి. మా బాపు కొలిమిలో తిత్తి ఊదిన పిల్లకు చెప్పాల్సిన ఒక్క మాట ఇవాళ ఏ పిల్ల అడిగినా ఫోన్ చెబుతుందట. మంచిదే. అడగాలని ఆ పిల్లకు తోచాలి కదా అని మాత్రం అనిపిస్తుంది.

లింగస్వామి మంచం విప్పి వచ్చాక ఆ ముక్కలు చూపించి, ఇవి ఎక్కడివని అడిగాను. తల దించుకున్నాడు.

"దవాఖానల మూడో దినం తెమ్మన్నడు వదినె," అన్నాడు. "పొలంల దేవులాడి తెచ్చిన. కిటికీ దిక్కు తిప్పి ఇరిగిన జాగ సూసిండు. మల్ల సూసిండు. ఎవ్వలికి సూపియ్యకు, మీ వదినెకైతే అసలే వద్దన్నడు. నాకేం తెలుసు, ఇనుప ముక్కనే గదా అనుకున్న."

మూడో దినం. ఇనుము దగా చేసిందని ఎవరికీ చెప్పకముందే. అంటే అక్షరాలు దిద్దించిన రోజుల్లో, ఒళ్ళు తుడిపించుకున్న రోజుల్లో, అన్నం ముద్ద నా చేతిలోంచి తిన్న రోజుల్లో ఆయనకు తెలుసు. తెలియంది ఒక్కటే, ఎందుకు చేసిందో. తాను చెప్పని పనిని ఎందుకు చేసిందో, చేసి ఎందుకు చెప్పలేదో. కొడవలి విరిగిన నాడు అది అడిగాడు. నీళ్లు ఆరనీకి అన్నాను. ఆ తర్వాత ఆయన ఊరుకున్న ఆ సేపు నాకు ఇప్పుడు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తుంది. అప్పుడు చెప్పి ఉంటే ఇద్దరం కలిసి దాన్ని మోసేవాళ్ళం. నేను చెబుతానని ఆయన, ఆయనకు తెలియదని నేను, ఒకే పందిరి కింద వేరువేరుగా మోశాం.

లింగస్వామి పోయాక గోడకున్న ఆకురాయి తీశాను. పిన్ను ముక్కను దాగలి మీద పెట్టి, ఎడమచేత్తో అదిమి, గీశాను. ఇన్నేండ్ల తర్వాత కూడా ఆకురాయి దాన్ని పట్టలేదు. అద్దం మీద జారినట్టు జారింది.